నీళ్లు పోయడం ఇలాజ్ కాదు

మా ఆపా వాళ్ల బండి పాతది. డీజిల్ బండి, పదిమంది పడతారు. దుల్హాభాయ్‌కి అదే రోజీ. పెళ్లిళ్ల రోజుల్లో బారాతులు, మిగతా రోజుల్లో ఉర్సులకీ ఆస్పత్రులకీ కిరాయిలు. ఆ బండి వెనకాల ఎప్పుడూ రెండు నీళ్ల డబ్బాలు ఉండేవి. తాగడానికి కాదు, రేడియేటర్‌లో పోయడానికి. "ఉమర్ అయింది కదా, కాస్త నీళ్లు తాగుతుంది" అనేవారు దుల్హాభాయ్, ఇంట్లో పెద్దమనిషి గురించి చెప్పినట్టు. మేమూ నవ్వి ఊరుకునేవాళ్లం.

ఆ నవ్వు ఒక మే నెలలో ఆగిపోయింది. వినుకొండ నుంచి నంద్యాలకు బారాత్. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కుతుంటే హీట్ ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది. బండి పక్కకు తీశారు. లోపల ఆడవాళ్లు, పిల్లలు, పైన ఎండ. అందరికీ జల్దీ. మా భాంజా చేతికి తువ్వాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. చెయ్యి, మెడ కాలాయి. అల్‌హందులిల్లా, కళ్లు దక్కాయి.

ఆ మూత ఉత్త మూత కాదు. లోపలి నీళ్లను ప్రెషర్‌లో పట్టి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీళ్లు ఆ ప్రెషర్ వల్ల దాదాపు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. వేడి మీద మూత తీస్తే ప్రెషర్ ఒక్కసారిగా పోతుంది, నీళ్లు ఆవిరై మొహం మీదికి లేస్తాయి. తువ్వాలు దాన్ని ఆపలేదు. ఇంజన్ ఆపి, చల్లారేదాకా సబర్ చేయడం తప్ప వేరే దారి లేదు. చల్లారకముందే చన్నీళ్లు పోసినా ప్రమాదమే, హెడ్ పగలొచ్చు.

తర్వాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన వంగి కింద చూశాడు. చుక్క కారడం లేదు. "బయట కారట్లేదంటే లోపలే తాగుతోంది. హెడ్ పోయింది భాయ్" అన్నాడు. హెడ్ దించారు, గాస్కెట్ మార్చారు, పనిలో పనిగా థర్మోస్టాట్ వాల్వ్ తీసి పక్కన పడేశారు. నలభై వేలు అయింది. ఆపా గాజులు కుదువకు పోయాయి. నెల తిరక్కుండానే నీళ్ల డబ్బాలు మళ్లీ బండెక్కాయి.

ఆ మెకానిక్ బద్‌నియ్యత్ అని నేను అనను. ఆయనకు వచ్చిన షక్ సరైనదే. కానీ షక్‌నే సబూత్ అనుకున్నాడు. ఉర్దూలో తష్ఖీస్ అని ఒక మాట ఉంది. రోగం ఏదో తేల్చడం. హకీం సాబ్ నబ్జ్ చూడకుండా, నాలుగు మాటలు అడగకుండా దవా ఇస్తే మనం ఊరుకుంటామా? మరి బండి దగ్గరికొచ్చేసరికి తష్ఖీస్ లేకుండానే ఆపరేషన్‌కి ఎందుకు ఒప్పుకుంటున్నాం?

రెండో ఉస్తాద్ వయసులో పెద్దాయన. స్పానర్ ముట్టుకోకముందే మూడు సవాళ్లు వేశారు. ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పోస్తున్నారు? హీట్ ఎక్కేది ట్రాఫిక్‌లోనా, ఘాట్‌లోనా? పోసేది ఏ నీళ్లు? దుల్హాభాయ్ దగ్గర మొదటిదానికి జవాబు లేదు. ఎన్నడూ లెక్క పెట్టలేదు. మొదటి మెకానిక్‌కి అసలు డబ్బాల సంగతే చెప్పలేదట, బండి ఇజ్జత్ పోతుందని! గలతీ అక్కడే మొదలైంది, మన ఇంట్లోనే.

ఆ సవాళ్లలోనే సగం తష్ఖీస్ ఉంది. నిలబడినప్పుడూ ట్రాఫిక్‌లోనూ వేడెక్కి, రోడ్డు మీద పరుగెడితే చల్లబడితే ముందు ఫ్యాన్‌ను చూడాలి. ఎక్కుడులో, లోడు మీద వేడెక్కితే రేడియేటర్ పూడిందా, బెల్ట్ జారుతోందా, పంపు నీళ్లు తోస్తోందా, వాల్వ్ తెరుచుకుంటోందా చూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక కూడా పై హోస్ పైపు కాలుతూ కింది పైపు చల్లగా ఉంటే నీళ్లు తిరగడం లేదన్నట్టే.

తర్వాత ఆయన చల్లటి ఇంజన్‌కి చేతిపంపు, గేజీ ఉన్న ఒక సామాను బిగించారు. మూత మీద రాసిన ప్రెషర్ దాకా గాలి కొట్టి పావుగంట వదిలేశారు. గేజీ ముల్లు మెల్లగా దిగింది. టార్చి వేసి చూస్తే వాటర్ పంపు కింద ఉండే చిన్న కన్నం నుంచి చెమ్మ. లోపలి సీలు అరిగితే నీళ్లు బయటపడాలనే ఆ కన్నం పెడతారు. బండి నడుస్తున్నప్పుడు కారిన నీళ్లు వేడికి అక్కడే ఎండిపోయేవి, అందుకే నేల మీద చుక్క కనిపించలేదు. పక్కన తెల్లటి చారలు మాత్రం మిగిలాయి. రేడియేటర్ మూత స్ప్రింగు కూడా ఢీలా పడింది. పంపు, మూత మార్చారు. అంతే.

హెడ్ గాస్కెట్ పోవడం అబద్ధమని కాదు. పాత డీజిల్ ఇంజన్లలో పోతుంది. కానీ దానికీ సబూత్‌లు ఉంటాయి. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే హోస్ పైపు రాయిలా గట్టిపడటం, రేడియేటర్‌లో ఆగకుండా బుడగలు, ఇంజన్ వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్లపొగ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన చాయ్‌లా కనిపించడం. ఇవేవీ చూపించకుండా హెడ్ దించుతానంటే ఆపండి. దించాల్సే వస్తే, కొత్త గాస్కెట్ వేసేముందు హెడ్ వంగిందో లేదో బద్ద పెట్టి కొలిచారా అని అడగండి. వంగిన హెడ్ కింద కొత్త గాస్కెట్ నిలవదు.

థర్మోస్టాట్ తీసేయడం కూడా మన దగ్గర ఆదత్ అయిపోయింది. అది చెడితే మార్చాలి, పారేయకూడదు. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో కొంత నీరు రేడియేటర్‌కి పోకుండానే తిరిగి వచ్చేస్తుంది, ఘాట్‌లో ఇంకా హీట్ ఎక్కుతుంది.

ఇక బోరు నీళ్లు. పల్నాడు, ప్రకాశం, నల్లగొండ వైపు ఇళ్లలో గిన్నె అడుగున పేరుకునే తెల్లటి ఉప్పు చూశారుగా. అదే రేడియేటర్ గొట్టాల్లోనూ పేరుకుంటుంది. కూలెంట్ వేడికి మాత్రమే కాదు, తుప్పుకీ ఆడ్డు. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, అది చెప్పిన పాళ్లలో.

"గరీబోళ్లకి ఈ టెస్టులన్నీ ఎక్కడివి భాయ్?" అని దుల్హాభాయే అడిగారు. గరీబోడికే కావాలి. పైసలున్నవాడు గలత్ ఇలాజ్‌కి ఒకసారి ఖర్చు పెట్టినా తట్టుకుంటాడు. మన ఇళ్లలో అది గాజుల మీదికి, పిల్లల ఫీజుల మీదికి వస్తుంది. ఆ టెస్టుకి పట్టింది ఒక పూట.

ఇంకొక్క మాట. నీళ్లు బాగా తగ్గిపోతే సెన్సర్‌కి నీళ్లు తగలక హీట్ ముల్లు ఒక్కోసారి కిందికే చూపిస్తుంది. ముల్లు బాగానే ఉందని ధీమా వద్దు. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు, మూత తీసి నీళ్ల మట్టం కళ్లతో చూడాలి. పోసింది కాగితం మీద రాయాలి. దుల్హాభాయ్ ఇప్పుడు రాస్తున్నారు. కిలోమీటర్లు ఒక వైపు, పోసిన నీళ్లు ఇంకో వైపు.

మనలో చాలామందికి సొంత బండి లేదు. అయినా ఉర్సుకో బారాత్‌కో కిరాయి బండి మాట్లాడతాం. అందులో మన అమ్మీలు, పిల్లలు కూర్చుంటారు. ఈసారి రేటు మాట్లాడుకున్నాక డ్రైవర్ భాయ్‌ని ఇంకోటి కూడా అడగండి: "నీళ్లు ఎన్ని రోజులకోసారి పోస్తున్నావు?" రోజూ పోస్తున్నానంటే, ఆ బండి ముందు ఉస్తాద్ దగ్గరికి పోవాలి. మీ బారాత్‌కి వేరే బండి చూసుకోండి.