మన వాకిలికి మన తాళం

"పద్యాలు చెప్పుకునే మీకెందుకండీ ఇంట్లో లినక్సు సర్వరు? కనెక్షనిచ్చినవాళ్ళ పెట్టె ఉండనే ఉందిగా!" అని తార్నాక మిత్రులొకరు మొన్న నన్ను నిలదీశారు. ఆయన విశ్వవిద్యాలయంలో పనిచేసి విరమించినవారు. అక్కడ అందరి రాకపోకలూ ఒక ద్వారం గుండా సాగాలనీ, దానికొక బాధ్యుడుండాలనీ వాదించినవారే. ఇంటికి మాత్రం ముక్కూమొహమూ తెలియని బాధ్యుడు చాలునట. ఇదేం న్యాయం?

ముషీరాబాదులోని మా ఇంటి పెట్టెకు అడ్మిన్ పాస్‌వర్డు అడిగితే "కస్టమర్లకివ్వం సార్" అన్నారు. గోడ నాది, కరెంటు నాది, అధికారం వారిది. తాళంచెవి వేరొకరి చేతిలో ఉంటే ఏమవుతుందో తెలియనిది కాదు. 2016లో మిరాయ్ అనే పురుగు ప్రపంచమంతటా కెమెరాలనూ రౌటర్లనూ చెరపట్టింది. అందుకు మహావిద్యలేమీ అక్కరలేకపోయాయి. తయారీదారులు పెట్టి వదిలేసిన అరవై చిల్లర పాస్‌వర్డులు సరిపోయాయి. 2017 జూలైలో మన బి.ఎస్.ఎన్.ఎల్. మోడెములకూ అటువంటి తెగులే సోకింది. పాస్‌వర్డులు మార్చుకోండని ఖాతాదారులకు చెప్పుకోవలసి వచ్చింది.

తమాషా ఏమిటంటే, ఇటువంటి పెట్టెలు చాలావాటి కడుపులో ఉన్నదీ లినక్సే. 2003లో లింక్‌సిస్ డబ్ల్యూఆర్‌టీ54జీ గుట్టు రట్టయి, జీపీఎల్ ప్రకారం మూలాన్ని బయటపెట్టవలసి వచ్చింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పుట్టింది దాని నుంచే.

"అది ఇంజనీర్ల విద్య" అన్నది మిత్రుల రెండో ఆక్షేపణ. దీన్ని నేను బొత్తిగా ఒప్పుకోను. పాత కంప్యూటరుకు రెండు నెట్‌వర్క్ కార్డులు కావాలి: ఒకటి ఆ పెట్టె వైపు, ఒకటి ఇంటి స్విచ్చి వైపు. లినక్సు తనంతట తాను ఒకవైపు వచ్చిన పాకెట్టును మరొకవైపు పంపదు. ఐపీ ఫార్వర్డ్ అన్నచోట సున్నాను ఒకటి చేయాలి. ఆపైన, 2001లో 2.4 కెర్నెల్‌తో వచ్చిన ఐపీటేబుల్స్‌లో మాస్కరేడ్ అనే ఒక్క సూత్రం. ఇంట్లోని 192.168 చిరునామాలన్నీ గడప దాటేటప్పుడు ఒకే చిరునామా అవుతాయి. కచటతపలకు గసడదవలు ఆదేశమని పిల్లలకు ముప్ఫయ్యేళ్ళు చెప్పినవాడికి ఇది కొత్తా? కాకపోతే కెర్నెల్ ఏ స్థానికి ఏ ఆదేశం చేసిందో పట్టిక రాసుకుని, జవాబు రాగానే అసలు యంత్రానికే అప్పగిస్తుంది. (చిన్నయసూరి చూసి ఉంటే ముచ్చటపడేవాడు.) పిలవని పేరంటాలను గుమ్మంలోనే ఆపడానికి మరో రెండు మూడు సూత్రాలు, అంతే.

కరెంటు సంగతి మాత్రం ఆయన అన్నది నిజమే. అరవై వాట్ల పాత కంప్యూటరు రాత్రింబవళ్ళు నడిస్తే నెలకు 43 యూనిట్లు. ఆ బిల్లు చూశాకే అయిదు వాట్ల చిన్న బోర్డుకు మారాను. ఇప్పుడు నాలుగు యూనిట్లు కూడా కావు. దీనితో కనెక్షనిచ్చినవాడి కళ్ళు కప్పగలమనీ నేననను. మనం ఎవరి గడప తొక్కుతున్నామో వాడికి తెలుస్తూనే ఉంటుంది.

కానీ నాకూ తెలుస్తోంది. రాత్రి రెండింటికి, ఇల్లంతా నిద్రపోతుండగా, మా టీవీ ఎక్కడెక్కడికో కబుర్లు పంపుతోందని ఆ పట్టికలోనే చూశాను. మర్నాడు పొద్దున్నే దానికొక సూత్రం రాశాను. తార్నాకలో ఆయన టీవీ ఏం చేస్తోందో ఈసారి కలిసినప్పుడు అడగాలి.