వెనకబడింది ఇల్లు కాదు

కొత్త వస్తువును ఇంటికి తెచ్చుకోవడంలో అమెరికా జనం పెద్దగా తాత్సారం చేసిన దాఖలాలు లేవు. 1950లో నూటికి తొమ్మిది ఇళ్లలోనే టీవీ ఉండేది. పదేళ్లు తిరిగేసరికి 85కు పైగా ఇళ్లలో వెలిసింది. స్మార్ట్‌ఫోన్‌దీ అదే దారి. ప్యూ పరిశోధనా సంస్థ సర్వేల ప్రకారం 2011లో వయోజనుల్లో 35 శాతం మంది చేతిలో ఉన్నది, 2019కి 81 శాతానికి చేరింది.

కరెంటు సంగతి వేరు. న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం 1882లోనే మొదలైంది. అర్ధ శతాబ్దం దాటాక కూడా, పట్టణాల్లో పదింట తొమ్మిది ఇళ్లకు కరెంటు ఉంటే, పల్లెల్లో పదిమంది రైతుల్లో ఒక్కరికే ఉండేది. రైతుకు అక్కర్లేక కాదు. మైళ్ల దూరం స్తంభాలు పాతితే గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు అటు తొంగిచూడలేదు. 1935లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను నెలకొల్పారు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. రైతుల సహకార సంఘాలకు తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక రుణాలు అందాయి. 1950ల మధ్యకల్లా దాదాపు ప్రతి రైతు ఇంటికీ తీగ చేరింది. రైతు అదే, పొలం అదే. మారింది అప్పు పుట్టిన తీరు.

అసలు నత్తనడక సంస్థలది. ఆవిరితో నడిచే ఫ్యాక్టరీలో పైకప్పు కింద పొడవాటి ఇరుసు తిరిగేది, దాని నుంచి తోలు పట్టీలు ఒక్కో యంత్రాన్నీ తిప్పేవి. కరెంటు వచ్చాక చాలామంది యజమానులు ఆవిరి యంత్రాన్ని పీకి, ఆ స్థానంలోనే ఒక పెద్ద మోటారు బిగించారు. ఇరుసూ పట్టీలూ కదల్లేదు. యంత్రానికో మోటారు పెట్టి షెడ్లను కొత్తగా కట్టుకున్నాకే, అంటే 1920లలో, ఉత్పాదకత పుంజుకుందని ఆర్థికవేత్త పాల్ డేవిడ్ 1990లో రాసిన వ్యాసంలో వివరించారు.

ప్రభుత్వ కార్యాలయాలైతే మరీను. 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తగానే అక్కడి కంప్యూటర్లు నడిచే పాతకాలపు ప్రోగ్రామింగ్ భాష కోబాల్ తెలిసినవాళ్లు సాయం రావాలని న్యూజెర్సీ గవర్నర్ కోరవలసి వచ్చింది. వై2కే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చి విమానమెక్కినవారికి ఈ కబురు నవ్వు తెప్పించే ఉంటుంది. సిలికాన్ వ్యాలీ పొరుగునే ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో మెట్రో రైళ్ల నియంత్రణ వ్యవస్థ 1998 నుంచి ఫ్లాపీ డిస్కుల మీదే నడిచింది. దాన్ని మార్చే ఒప్పందం 2024లో గానీ ఖరారు కాలేదు.

అడ్డం పడేది ఇల్లు కాదు, డబ్బూ ఏర్పాట్లూ చూడాల్సిన సంస్థలేనని ఇంత అనుభవం చెబుతున్నా, వాషింగ్టన్ పాత తప్పే చేసింది. 2021 మౌలిక సదుపాయాల చట్టం బ్రాడ్‌బ్యాండ్ తీగలకు 4,200 కోట్ల డాలర్లకు పైగా కేటాయించింది. నెల బిల్లులో 30 డాలర్లు భరించే రాయితీ అదే చట్టంతో వచ్చింది, 2.3 కోట్ల కుటుంబాలు అందులో చేరాయి. కాంగ్రెస్ నిధులు పొడిగించక 2024 జూన్ 1న అది ఆగిపోయింది. బిల్లు కట్టలేని ఇంటి గుమ్మం దాకా తీగ లాగి ప్రయోజనమేమిటి? కాంగ్రెస్ ఆ రాయితీని వెంటనే పునరుద్ధరించాలి, ఏటేటా బతిమాలుకోనక్కర్లేని శాశ్వత నిధి దానికి చూపించాలి.