అంతా నాన్న పోలికేనా?

‘ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?’ పుస్తకం ముందు పది నిమిషాలు కుదురుగా కూర్చోలేని పిల్లల్ని చూసి ఇంట్లో ఎవరో ఒకరు ఈ మాట అనేస్తారు. చిన్నప్పుడు వాళ్ల నాన్నా ఇంతేనట! ఏడీహెచ్‌డీ విషయంలో ఈ సామెత సగం నిజం. మిగతా సగం తెలుసుకోకపోతేనే చిక్కు.

కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం వాటా సగటున 74 శాతం. అంటే నాన్నకి ఉంటే మీకు వచ్చే ఛాన్స్ 74 శాతం అనుకునేరు! లెక్క వేరు. ఈ లక్షణాల్లో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో అంత భాగం జన్యువుల వల్ల అని అర్థం. ఎత్తులోనూ జన్యువుల వాటా ఎక్కువే. అయినా పొడుగు నాన్నకి పొట్టి కొడుకు పుట్టడం చూస్తూనే ఉంటాం కదా!

పోనీ, ఆ జీన్ ఏది? ఒకటైతే చెప్పొచ్చు. 2023లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన అధ్యయనంలో ఏడీహెచ్‌డీ ఉన్న 38 వేల మందికి పైగా డీఎన్‌ఏని, లేని 1.86 లక్షల మంది డీఎన్‌ఏతో పోల్చారు. 27 చోట్ల స్పష్టమైన తేడాలు దొరికాయి. ఒక్కోదాని ప్రభావం మాత్రం చాలా చిన్నది. మొత్తం మీద ఇలాంటివి వేలల్లో ఉంటాయని అంచనా. అమ్మ నుంచి కొన్ని, నాన్న నుంచి కొన్ని వచ్చి చేరతాయి. కాబట్టి ఇద్దరికీ లేకపోయినా బిడ్డకి రావచ్చు. నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టినవాళ్లలోనూ రిస్క్ ఎక్కువ.

అందుకే లాలాజలం పంపి డీఎన్‌ఏ టెస్ట్ చేయించుకుంటే ఏడీహెచ్‌డీ తేలదు. డబ్బు దండగ. రీల్‌లో చెప్పిన ఐదు లక్షణాలు కలిసినంత మాత్రానా తేలదు. డాక్టర్ మీతో మాట్లాడాలి, మీ బాల్యం గురించి అడగాలి. ఎందుకంటే లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. పాత ప్రోగ్రెస్ కార్డులూ, అమ్మమ్మ చెప్పే మీ చిన్ననాటి కబుర్లూ అక్కడ పనికొస్తాయి.

‘బద్ధకం’, ‘పెంపకం సరిగా లేదు’ అని ఎవరైనా అంటే ఆ 74 శాతం సంగతి చెప్పండి. ‘పుట్టుకతో వచ్చింది, ఇక మారదు’ అని మీరే అనుకుంటుంటే మాత్రం కళ్లజోడు గుర్తు తెచ్చుకోండి. దగ్గరి చూపు సమస్యా వంశపారంపర్యంగా వచ్చేదే. అలాగని జోడు పెట్టుకోకుండా ఉంటామా? ఏడీహెచ్‌డీకీ మందులున్నాయి, థెరపీ ఉంది. చదువో ఉద్యోగమో చేజారుతోందనిపిస్తే సైకియాట్రిస్ట్‌ని కలవండి. కుదిరితే నాన్ననీ వెంట తీసుకెళ్లండి. ఆయన చిన్నతనంలో ఈ మాట చెప్పేవాళ్లే ఉండి ఉండరు.