నోరు విప్పగలిగిన చోటే రోగికి రక్ష

ఒక ఆసుపత్రి మంచిదా కాదా అని తేల్చుకోవడానికి మీరు వైద్యుల పట్టాలను చూస్తారు, యంత్రాలను చూస్తారు. వాటితోపాటు మరొక ప్రశ్న వేసుకోవాలని నా మనవి. నిన్నగాక మొన్న చేరిన నర్సు అక్కడి పెద్ద డాక్టరుతో "సర్, ఒక్క క్షణం ఆగండి, ఆ మోతాదు మరొకసారి చూడండి" అనగలదా?

అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి వార్డులలో మందుల విషయమై జరిగే పొరపాట్లను పరిశీలించి, 1996లో ఫలితాలను ప్రచురించారు. సఖ్యతతో పనిచేసే బృందాలలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించారు. లెక్కలు అందుకు విరుద్ధంగా వచ్చాయి. లోతుగా విచారించగా, ఆ బృందాలు తప్పులు ఎక్కువగా చేయడం లేదనీ, జరిగినవాటిని దాచకుండా చెప్పుకుంటున్నాయనీ ఆమెకు అర్థమైంది. భయం ఏలే వార్డులో తప్పులు ఉండకపోవు, కనబడకపోతాయి. పైన మానినట్లు కనిపిస్తూ లోపల చీము పట్టిన పుండు వంటిది ఆ నిశ్శబ్దం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్సలకు ఒక భద్రతా పట్టికను రూపొందించింది. కత్తి పెట్టడానికి ముందు గదిలోని ప్రతివారూ తమ పేరూ, తాము చేసే పనీ చెప్పాలన్నది అందులో ఒక నియమం. ఒకసారి పెదవి విప్పినవారు, ప్రమాదం కనిపించినప్పుడు రెండవసారి విప్పడం సులభం. ఢిల్లీతో సహా 8 నగరాలలోని ఆసుపత్రులలో దీనిని పరీక్షించగా, మరణాలు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో వెల్లడైంది. అయితే కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు ఇటువంటి పట్టికలను అమలుచేసినా మరణాలు చెప్పుకోదగినంతగా తగ్గలేదని 2014లో మరొక అధ్యయనం తెలిపింది. కారణాలపై వాదోపవాదాలు ఉన్నవి. నా అభిప్రాయం మాత్రం ఇది: కాగితంపై టిక్కు పెట్టినంత మాత్రాన మనుషుల నడవడి మారదు.

పెద్దల మాటకు ఎదురు చెప్పరాదని మన ఇళ్ళలో నేర్పుతారు. ఇంట అది సంస్కారమే కావచ్చు. ఆపరేషన్ థియేటర్‌లో అదే మౌనం ప్రాణాంతకం. ప్రశ్నిస్తే క్రమశిక్షణ ఏమైపోతుందని కొందరు అడుగుతారు. తుది నిర్ణయం పెద్దదే. ఆ నిర్ణయానికి ముందు చిన్నవారి కంటికి కనిపించినది పెద్దకు చేరాలి, అంతే.

కనుక ఇంజెక్షన్ ఇవ్వబోయేటప్పుడు "ఇది ఏ మందు, ఎందుకు?" అని మర్యాదగా అడగండి. విసుక్కుంటారో, చీటీ చూసి చెబుతారో గమనించండి. మీరే ఒక కార్యాలయానికో, బడికో, కర్మాగారానికో పెద్ద అయితే, చెడు కబురు తెచ్చినవారికి మీ నోట వచ్చే మొదటి మాటను గమనించుకోండి. "చెప్పి మంచి పని చేశావు" అన్న మాట ముందు రావాలి, విచారణ ఆ తరువాత. ఆ వరుస తప్పితే, రెండవ కబురు మీ దాకా రాదు.