నీడను కొలవనివ్వండి



పోయినసారి పేరెంట్స్ మీటింగ్‌లో ఇటిక్యాల వైపు నుంచి వచ్చిన ఒక తండ్రి ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి, లేవబోయి మళ్లీ కూర్చున్నారు. "సార్, మా పాప నక్షత్రాల చదువు చదువుతానంటున్నది. డాక్టరు, ఇంజినీరు అంటే నాకు అర్థమైతది. ఇదేం చదువు? ఉద్యోగం దొరుకుతదా? ఎన్నేళ్లు ఫీజులు కట్టాలె? ఆడపిల్ల రాత్రిళ్లు ఆకాశం చూసుకుంట కూసుంటే ఎట్ల సార్?" అని అడిగారు.

పాప ఎనిమిదో తరగతి. తండ్రి పక్కనే నిలబడి నా వైపే చూస్తోంది. నేను ఫిజిక్స్ చెప్పే టీచర్ని. అయినా ఆ పూట తప్పించుకునే జవాబే చెప్పాను. "ముందు ఫౌండేషన్ మీద దృష్టి పెట్టనీయండి. మిగతావి ఇంటర్ తర్వాత చూద్దాం" అన్నాను. పాప తల దించుకుంది. ఆ రోజు చెప్పి ఉండాల్సిన జవాబును ఇప్పుడు రాస్తున్నాను. ఇలాంటి పిల్లలు మరికొన్ని ఇళ్లలోనూ ఉంటారు కాబట్టి ఇది అందరికీ.

నందివాడ రత్నశ్రీ గారి పేరు మనలో చాలామంది విని ఉండరు. ఆమె హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ముంబైలోని టీఐఎఫ్ఆర్‌లో ఖగోళ భౌతికశాస్త్రంలో పిహెచ్‌డి చేశారు. 1999 నుంచి ఢిల్లీలోని నెహ్రూ ప్లానెటోరియానికి డైరెక్టర్‌గా ఉన్నారు. 2021 మే నెలలో కోవిడ్‌తో కన్నుమూసేదాకా, అంటే ఇరవై ఏళ్లకు పైగా, ఆ బాధ్యతలోనే కొనసాగారు.

ప్లానెటోరియం అంటే చల్లటి హాల్లో కూర్చుని పైకప్పు మీద నక్షత్రాలు చూసే చోటు. టికెట్లు అమ్మి షోలు నడిపితే డైరెక్టర్ పని అయిపోయినట్టే. రత్నశ్రీ గారు అంతటితో ఆగలేదు. పిల్లల్ని బయటికి, ఎండలోకి తీసుకొచ్చారు. 18వ శతాబ్దంలో సవాయి జైసింగ్ కట్టించిన జంతర్ మంతర్‌కు మనమైతే ఫొటోలు దిగడానికి వెళ్తాం. ఆమె విద్యార్థులతో వెళ్లి ఆ రాతి యంత్రాలతో సూర్యుడి స్థానాన్ని, నక్షత్రాల స్థానాలను కొలిపించారు. జైపూర్‌లోని సామ్రాట్ యంత్రం దాదాపు 27 మీటర్ల ఎత్తు ఉంటుంది. దాని గోడ నీడను బట్టి రెండు సెకన్ల తేడాతో సమయం చెప్పవచ్చు. జంతర్ మంతర్లు నేటికీ ఖగోళశాస్త్రం నేర్పే ప్రయోగశాలలుగా పనికొస్తాయని ఆమె పరిశోధనా వ్యాసం కూడా రాశారు.

2004 జూన్ 8న, మళ్లీ 2012 జూన్ 6న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు ఆ దృశ్యాన్ని మామూలు జనానికి చూపించడంలో ఆమె ముందున్నారు. అలాంటిది మళ్లీ 2117లోనే వస్తుంది.

ఇక ఆ తండ్రి ప్రశ్నలకు వస్తాను. ఉద్యోగం సంగతి దాచకుండా చెప్పాలి. ఈ రంగంలో పోస్టులు తక్కువ, చదువు దీర్ఘం. ఎమ్మెస్సీ, ఆ తర్వాత ఐదారేళ్ల పిహెచ్‌డి తప్పవు. అయితే ఇంటర్‌లో కావలసింది ఎంపీసీయే. మన ఫౌండేషన్ క్లాసులో చెప్పే లెక్కలు, ఫిజిక్స్ ఈ దారికీ అవే. తిరుపతిలోని ఐసర్ లాంటి సంస్థల్లో ఇంటర్ తర్వాత ప్రవేశ పరీక్ష రాసి ఐదేళ్ల కోర్సులో చేరవచ్చు. ఒకవేళ పిల్ల మనసు మారినా నేర్చుకున్న గణితం, కంప్యూటర్ ప్రోగ్రామింగ్ వృథా పోవు.

ఫీజుల విషయంలో చాలామంది తల్లిదండ్రులకు తెలియని మాట ఒకటుంది. ఇలాంటి పరిశోధనా సంస్థల్లో పిహెచ్‌డి విద్యార్థికి ఎదురు డబ్బు ఇస్తారు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు.

రాత్రిళ్ల భయం ఒక తండ్రికి ఉండటం సహజం. దాన్ని నేను చులకన చేయను. కానీ పని తీరు చాలా మారింది. లద్దాఖ్‌లోని హాన్లేలో, 4,500 మీటర్ల ఎత్తున మన దేశపు హిమాలయన్ చంద్ర టెలిస్కోప్ ఉంది. దాన్ని బెంగళూరు దగ్గరి హోస్కోటెలో కూర్చుని ఉపగ్రహ లింకు ద్వారా నడుపుతారు. ఆ టెలిస్కోప్‌ను చూసుకునే భారత ఖగోళ భౌతిక సంస్థకు 2019లో అన్నపూర్ణి సుబ్రమణియం అనే మహిళా శాస్త్రవేత్తే డైరెక్టర్ అయ్యారు. డ్యూటీ నర్సుగా, డాక్టరుగా రాత్రంతా పనిచేసే అమ్మాయిని చూసి మనం గర్వపడతాం. టెలిస్కోప్ దగ్గర మేల్కొనే అమ్మాయి విషయంలో మాత్రం ఎందుకు జంకాలి?

నా అభిప్రాయం ఒక్కటే. ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లను ఖగోళ శాస్త్రవేత్త అవుతావా లేదా అని ఇప్పుడే తేల్చమనక్కర్లేదు. చూడాలనే ఆ కోరికను మాత్రం ఆపకూడదు. ఈ తప్పులో మా బడి భాగం కూడా ఉంది. భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉందని ఒక మార్కు కోసం కంఠస్థం చేయిస్తాం. ఆ వంపు వల్ల మన నీడ ఏమవుతుందో బయట నిలబెట్టి చూపించం.

ఆ చూపించే అవకాశం మనకు ఢిల్లీ కన్నా ఎక్కువ ఉంది. ఢిల్లీ కర్కటరేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు ఎన్నడూ సరిగ్గా నడినెత్తికి రాడు. ఇటిక్యాల దాదాపు 16 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ ఏడాదికి రెండుసార్లు, మే 5 ప్రాంతంలోనూ ఆగస్టు 8 ప్రాంతంలోనూ, నిట్టనిలువు కర్రకు మిట్టమధ్యాహ్నం నీడ మాయమవుతుంది. గడియారం ప్రకారం అది మేలో సుమారు 12 గంటల 15 నిమిషాలకు, ఆగస్టులో 12 గంటల 24 నిమిషాలకు జరుగుతుంది. 

ఖర్చు లేదు. మిద్దె మీద చదునైన చోట ఒక కర్ర నిలబెట్టండి. దారానికి చిన్న రాయి కట్టి వేలాడదీసి, కర్ర నిటారుగా ఉందో లేదో సరిచూడండి. 12 గంటల నుంచి ఐదు నిమిషాలకోసారి నీడ కొసను చాక్‌పీసుతో గుర్తు పెట్టమనండి. మేఘం అడ్డొస్తే మర్నాడు చూడండి, తేడా కొంచెమే ఉంటుంది. చూడాల్సింది నేల మీది నీడనే, సూర్యుణ్ణి నేరుగా చూడనివ్వకండి. పిల్ల పెట్టిన గుర్తులను మీరూ కూర్చుని చూడండి. రాత్రి ఆరుబయట అవ్వను పిలిచి పిల్లలకోడి ఎక్కడ, వేగుచుక్క ఎక్కడ అని అడగమనండి. పుస్తకంలో లేని పాఠం ఆమె దగ్గర ఉండవచ్చు.

మే నెలలో సెలవులు, ఆ రోజు మీ ఇంటి మిద్దె మీద మీ చేతుల్లోనే ఉంది. ఆగస్టులో మాత్రం మన బడి మైదానంలో నేనే కర్ర పాతుతాను. ఇటిక్యాల అన్నా, ఆ రోజు మీరూ రండి. నీడ గుర్తులు పెట్టే సుద్దముక్క మీ పాప చేతికే ఇస్తాను.