గీజరు కంటే ముందు ఎర్తింగు

కాలేజీ సంచికలో ప్రేమ కవిత్వమో, దేశ భవిష్యత్తు మీద వ్యాసమో ఉండాలి గాని గీజరు సంగతేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి. ఈ చలికాలం సెలవులకు ఇంటికి పోయి, తెల్లవారుజామున వేణ్ణీళ్ళ పొయ్యి ముందు దగ్గుతున్న అమ్మను చూశాక నాకు రాయడానికి వేరే విషయం తోచలేదు.

మాది కోదాడ దగ్గర పల్లె. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన నాటినుంచి మా వైపంతా వరి. యాసంగి నాట్లు సరిగ్గా చలిలోనే పడతాయి. అమ్మ నాలుగున్నరకు లేచి, పత్తికట్టె ఎగదోసి, కాగు నిండా నీళ్ళు కాచి, అందరి స్నానాలూ అయ్యాక తాను చన్నీళ్ళు పోసుకొని నాటుకు పోతుంది. మా అక్కను ఇచ్చింది మిర్యాలగూడలో. అక్కడి మిల్లుల్లో ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడకబెట్టడానికి ఊకతో మండే బాయిలర్లున్నాయి. వడ్లకున్న వైభోగం మా అమ్మకు లేదన్నమాట! ఇరవై ఏళ్ళు ఆ వేణ్ణీళ్ళు పోసుకున్న నాకు ఈ ఆలోచన ఇంత ఆలస్యంగా రావడం సిగ్గుచేటే.

సరే, సూర్యాపేటలో దుకాణాలు తిరిగాను. గీజర్లు రెండు రకాలు. నీళ్ళు నిలవ ఉంచి కాచేది ఒకటి. నల్లా తిప్పగానే పారే నీటినే కాచే 'ఇన్‌స్టంట్' రకం ఇంకొకటి. నిజానికి గీజరన్న పేరు పుట్టిందే రెండో రకానికి. 1868లో లండన్‌లో బెంజమిన్ మాఘన్ అనే ఆయన గ్యాసు మంటతో పారే నీటిని కాచే యంత్రం చేసి, ఐస్‌లాండులోని వేడినీటి బుగ్గ పేరు దానికి పెట్టాడు. మంట తాలూకు వాయువులు బయటికి పోయే గొట్టం మాత్రం పెట్టలేదు! మన స్నానాల గదుల్లో చాలావాటికి వెంటిలేటరే ఉండదు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. అందుకని గ్యాసు గీజరును నేను మొదటే కొట్టిపారేశాను.

ఇక కరెంటుది. '3 లీటర్లు' అని రాసి ఉంటే మూడు లీటర్లే వస్తాయి కాబోలని మా నాయన అనుమానం. అది లోపలి పాత్ర కొలత మాత్రమే. చూడవలసింది కిలోవాట్లు. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు 20 డిగ్రీల నీటిని 40 డిగ్రీలకు తెస్తే నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు ఇస్తుంది. 15 లీటర్ల బకెట్టు నిండటానికి ఏడు నిమిషాలు, ఖర్చు యూనిట్టులో మూడో వంతు. షవరు కింద నిలబడేవారికి ఇది చాలదు గాని, బకెట్టూ చెంబూ పట్టుకొని ఒకరి తరువాత ఒకరు పోసుకునే మా ఇంటికి ఇది దివ్యంగా సరిపోతుంది. అక్క ఇంట్లో ఉన్నది 15 లీటర్ల నిలవ గీజరు. 60 డిగ్రీలకు కాచి చన్నీళ్ళు కలిపితే రెండు బకెట్లు. మూడోవాడు ఆగాల్సిందే. పైగా ఆపడం మరిచిపోతే వేడంతా ఊరికే గోడల పాలు.

కాకపోతే ఆ ఏడు నిమిషాల లెక్క 230 వోల్టుల మీద వేసింది. మోటార్లన్నీ నడిచే వేళ 180కి పడిందనుకోండి, వేడి 61 పాళ్ళకు దిగుతుంది, బకెట్టుకు పదకొండు నిమిషాలు పడుతుంది. అప్పుడు గీజరును తిట్టి లాభం లేదు. మా వైపు బోరు నీళ్ళ కాఠిన్యం కూడా తక్కువది కాదు. కాచేకొద్దీ కాయిల్ మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది, దాన్ని అప్పుడప్పుడు తీయించక తప్పదు.

ఇదంతా చిన్న సంగతి. అసలు భయం వేరే ఉంది. పోయిన ఏడాది మా అవ్వ, బకెట్టులో రాడ్డు ఉండగానే నీళ్ళు కాగినయా అని వేలు ముంచింది. విసిరికొట్టినట్టు వెనక్కి పడ్డది. బతికింది గనుక ఈ మాట రాయగలుగుతున్నాను. ఈసారి ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకొని, ఇంట్లోని పెద్ద ప్లగ్గులో ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూశాం. వెలగలేదు. ఎర్తు రంధ్రం వెనక వైరు ఉంది, ఆ వైరు మాత్రం ఎక్కడికీ పోదు! అలాంటి ప్లగ్గుకు, 13 ఆంపియర్లు లాగే గీజరును, లైట్ల కోసం వేసిన సన్న వైరు మీద తగిలించడమంటే అమ్మను పొగలోంచి తీసి ప్రాణాపాయంలో పెట్టడమే.

అందుకని నా అభిప్రాయం ఇది. చేతిలో ఉన్న డబ్బులో మొదటి రూపాయి ఎర్తు గుంటకు, రెండోది 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకు, మూడోది 30 మిల్లీ ఆంపియర్లు లీకైనా కరెంటు తెంచేసే ఆర్.సి.సి.బి.కి. మిగిలినదానితో ఐ.ఎస్.ఐ. గుర్తున్న గీజరు. మిగలకపోతే వచ్చే చలికాలం దాకా ఆగాలి.

ఇంట్లో ఈ మాటంటే నాయన, "మోటారు కాలితే పొలం ఎండుద్ది. స్నానాల గదిలో ఏం ఎండుద్దిరా?" అన్నాడు. బోరు మోటారు కేబులు కొనేటప్పుడు ఆయన బేరం కూడా ఆడడు. నేను అవ్వ వైపు చూశాను. ఆయనా చూశాడు. కాసేపటికి, "కోతలైనాక చూద్దాం. గుంట మాత్రం నువ్వే తవ్వాలె" అన్నాడు.

తవ్వుతాను. గుంటలో ఉప్పుతో పాటు బొగ్గులు కూడా పోయాలని చెప్పానో లేదో, అమ్మ ఆ రోజు నుంచే వేణ్ణీళ్ళ పొయ్యిలోని బొగ్గులు ఆర్పి, సంచిలో దాచిపెడుతున్నది.

— బి.యస్సీ. విద్యార్థి