మస్కట్‌లో మాట, సెనేట్‌లో 42 ఓట్లు

అమెరికా, ఇరాన్ ప్రతినిధులు ఒమన్‌లో కలిశారన్న వార్త వస్తే చాలు, మన విశ్లేషకులు తెరచాటు దౌత్యానికి హారతులు పట్టడం మొదలెడతారు. 2012 జూలైలో అమెరికా అధికారి జేక్ సలివాన్ గుట్టుగా మస్కట్‌లో దిగడం, మరుసటి మార్చిలో విలియం బర్న్స్ రావడం, ఒమన్ సుల్తాన్ ఖాబూస్ చడీచప్పుడు లేకుండా రెండు పక్షాలనూ కలపడం ఎన్నిసార్లు చెప్పినా వారికి తనివి తీరదు. అధ్యక్షుడు తలచుకుంటే రాజ్యాంగంలో రాయని అధికారాలతోనే ఎంతటి పనైనా చక్కబెట్టగలడని చివర్లో ఒక తీర్పు. ఇది సగం నిజం, అందుకే ప్రమాదకరం. ఈ కథలో ఎవరూ ఎత్తని అంకె 42. ఆ మంతనాలతో మొదలై కుదిరిన ఇరాన్ అణు ఒప్పందంపై 2015 సెప్టెంబర్ 10న అమెరికా సెనేట్‌లో ఓటింగ్ జరిగితే వ్యతిరేకుల వైపు 58 మంది, ఒప్పందం వైపు 42 మంది నిలిచారు. చర్చ ముగించడానికి కావలసిన 60 ఓట్లు రాక వ్యతిరేక తీర్మానం ఆగిపోయింది, ఒప్పందం బతికి బయటపడింది. అదే సంధిగా సెనేట్ ఆమోదం పొందాలంటే నూరుమందిలో 67 మంది కావాలి. కొరత 25 ఓట్లు.

అధ్యక్షుడి బలమంతా ఒప్పించే శక్తిలోనే ఉందని రాజనీతి పండితుడు రిచర్డ్ న్యూస్టాట్ 1960లోనే చెప్పాడు. ఆయన పేరు తలచేవారు ఎవరిని ఒప్పించాలన్న సంగతి మాత్రం వదిలేస్తారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అప్పటి అధ్యక్షుడు ఒబామా టెహ్రాన్‌ను ఒప్పించాడు, బీజింగ్‌నూ మాస్కోనూ ఒప్పించాడు, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో 15 ఓట్లకు 15 తెచ్చుకున్నాడు. సొంత సెనేట్‌లో తెచ్చుకున్నవి 42. ఇది దాచిన సంగతీ కాదు. ఒప్పందం కుదరడానికి నాలుగు నెలల ముందే, 2015 మార్చిలో, 47 మంది రిపబ్లికన్ సెనేటర్లు ఇరాన్ నాయకులకు బహిరంగ లేఖ రాశారు. అధ్యక్షుడు ఒక్కడే చేసిన ఒప్పందాన్ని తర్వాత వచ్చేవాడు ఒక్క సంతకంతో కొట్టేయగలడన్నది దాని సారాంశం. ఆ లేఖ మర్యాద గురించి అప్పట్లో బోలెడు తిట్టిపోశారు. అందులో ఉన్న విషయాన్ని కాదనగలిగినవారు లేరు.

కాదనలేరు, ఎందుకంటే ఒప్పందం నడిచిన తీరే అది. ఇరాన్ తన వంతుగా 2015 డిసెంబర్‌లో దాదాపు 11 టన్నుల శుద్ధి చేసిన యురేనియాన్ని రష్యాకు పంపేసింది, మరుసటి నెలలో అరాక్ రియాక్టర్ గర్భాన్ని కాంక్రీటుతో నింపింది. అమెరికా వైపు ఆంక్షల చట్టాలు ఒక్కటీ రద్దు కాలేదు. అధ్యక్షుడు గడువు తీరినప్పుడల్లా, కొన్నింటికైతే 120 రోజులకోసారి, మినహాయింపు మీద సంతకం పెడుతూ ఉండాల్సి వచ్చేది. ఒకవైపు కాంక్రీటు, మరోవైపు సంతకం. 2018 మే 8న ట్రంప్ ఆ సంతకం మానేశాడు. ఒప్పందం కుదిరి మూడేళ్లు కూడా నిండలేదు.

సెనేట్ ఆమోదించిన సంధులనూ అధ్యక్షులు వదిలేశారు కదా అంటారు. నిజమే, 1972 నాటి క్షిపణి నిరోధక సంధి నుంచి బుష్ 2002లో బయటికొచ్చాడు. కానీ 88-2 తేడాతో ఆమోదం పొందిన ఆ సంధి ముప్పై ఏళ్లు నిలిచింది. 2015 నాటి సెనేట్‌లో 67 ఓట్లు బ్రహ్మదేవుడు కూడా తేలేడన్నది మరో వాదన. ఒప్పుకుందాం. అయితే ఆ సంగతి అవతలివాడికి ముందే చెప్పి, తిరిగి తీసుకోగలిగిన రాయితీకి తిరిగి తీసుకోగలిగిన రాయితీనే అడగాలి. శాశ్వతమైన పని చేయించుకుని తాత్కాలికమైన మాట ఇవ్వడాన్ని రాజనీతి అని పొగడటం ఏం విశ్లేషణ?

ఈ విషయంలో ఒమన్‌కే ఎక్కువ తెలివి ఉంది. 2020 జనవరిలో ఖాబూస్ మరణించాక వారసుడి పేరు ఆయన రాసిపెట్టిన లేఖ తెరిచి చదివారు. ఏడాది తిరగగానే ఆ వారసుడు సుల్తాన్ హైతం కొత్త మౌలిక శాసనం తెచ్చి, వారసత్వం పెద్ద కొడుకుదని అందులో రాయించాడు. ఒక్కడి మాటే శాసనమైన రాజ్యం సైతం లేఖను నమ్ముకోకుండా చట్టం రాసుకుంది. ప్రజాస్వామ్య అధ్యక్షుడి వ్యక్తిగత హామీని మాత్రం మనం వేదవాక్కుగా పుచ్చుకోవాలట! ఆ హామీ పోతే ఏమవుతుందో మనకు తెలియనిదీ కాదు: 2019 మేలో అమెరికా చమురు కొనుగోళ్లకిచ్చిన మినహాయింపులు ఆపగానే ఇరాన్ చమురు కొనడం మానుకున్న దేశం మనదే. 2025 ఏప్రిల్ 12న మస్కట్‌లో మళ్లీ మొదలైన చర్చలనూ సెనేట్ ఆమోదంతో పనిలేని ప్రత్యేక దూతే నడిపాడు. ఆరో విడత జూన్ 15న మస్కట్‌లో జరగాల్సింది. 13న ఇరాన్‌పై ఇజ్రాయెల్ దాడులు మొదలయ్యాయి, 22న అమెరికా బాంబులు పడ్డాయి. ఇరాన్‌తో ఏ అణు ఒప్పందమైనా కాంగ్రెస్ ముందుకు రావాలని 2015లోనే చేసిన చట్టం ఉంది. ఇకపై మస్కట్ నుంచి ఏ శుభవార్త వచ్చినా, దాన్ని నమ్ముకుని చమురు బేరాలు కుదుర్చుకునే ముందు ఢిల్లీ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: సెనేట్‌లో ఎన్ని ఓట్లు ఉన్నాయి?